జోడీ జేబులో తాండ్ర ముక్కలు

పొద్దున్నే లేచి పది మైళ్లు పరుగెత్తానని మురిసిపోకు. వేటకుక్క కూడా పరుగెత్తుతుంది. నడుముకి కట్టుకున్న పటకాలో ఎన్ని బిళ్లలున్నాయో, ఏ బిళ్ల ఏ మైలు దగ్గర నమలాలో నీకు కంఠతా వచ్చు. నీ పక్కన పరుగెత్తేవాడు పొద్దున ఏం తిని వచ్చాడో చెప్పగలవా? చెప్పలేవు. ఎప్పుడూ అడగలేదు కాబట్టి చెప్పలేవు. అందుకే కాసేపు కూర్చుని తవిటినాయుడి సంగతి విను. నీకు తగలదనుకుంటే లేచి వెళ్లిపో, నేను ఆపను.

తవిటినాయుడు శృంగవరపుకోటలో కరెంటు ఆఫీసు లైన్‌మన్. సన్యాసిరావు మాస్టారి దగ్గరికి వచ్చినప్పుడు అతనికి పంతొమ్మిదేళ్లు. మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. అనంతగిరి ఘాటు రోడ్డు మీద దూరపు పరుగూ, సైకిలూ నేర్పేవారు. రుసుం తీసుకునేవారు కాదు. తెల్లవారుజామున వాళ్లింటి అరుగు ముందుకి ఎవరొస్తే వాళ్లే శిష్యులు. శిష్యులు పరుగెత్తితే తాను పాత ఇనుప సైకిలు మీద పక్కన వచ్చేవారు. శిష్యులు సైకిలు తొక్కినా అదే సైకిలు.

దూరం పోయేవాడికి కాళ్లకంటే ముందు కడుపు జవాబు చెబుతుంది. అందుకని మాస్టారు మామిడి తాండ్రని బొటనవేలంత ముక్కలుగా కోసి, ఉప్పు అద్ది, పదేసి ముక్కలు నూనె కాగితంలో పొట్లం కట్టేవారు. పొట్లం మీద పెన్సిలుతో పేరు రాసేవారు. అరగంటకి ఒక ముక్క, దాని మీద రెండు గుక్కల నీళ్లు. ఆకలి వేసినా వెయ్యకపోయినా అంతే. ఆకలి వేశాక తింటే ఆరిన పొయ్యిలో కట్టె పెట్టినట్టే, పొగ తప్ప మంట రాదనేవారు.

ఇంతవరకూ ఎక్కడైనా చెప్పే పాఠమే. ఆ అరుగు ముందు ఇంకొక పద్ధతి ఉండేది. ఎవరి పొట్లం వాళ్లకి ఇచ్చేవారు కాదు. ఇద్దరిద్దరిని జోడీ కట్టి, నీ పొట్లం అతని జేబులో, అతని పొట్లం నీ జేబులో పెట్టేవారు. అరగంట కాగానే నువ్వు అతని చేతిలో ముక్క పెట్టాలి, అతను నీ చేతిలో పెట్టాలి. ఒకడు వెనకబడితే రెండోవాడు ఆగాలి.

వచ్చిన కొత్తలో తవిటినాయుడు ఆ పద్ధతి తప్పుబట్టాడు. ఎవరిది వాళ్ల దగ్గరుంటే సులువు కదా అన్నాడు. మాస్టారు వాదించలేదు. అతని పొట్లం అతనికే ఇచ్చి పంపారు. మొదటి గంటలో హుషారు మీద ఒక్క ముక్కా ముట్టలేదు. రెండో గంటలో ఆపలేని ఆకలి వచ్చి ఏడు ముక్కలు ఒక్కసారే మింగాడు. మూడో గంటలో కల్వర్టు గోడ మీద పడుకుని కడుపు పట్టుకున్నాడు. మాస్టారు సైకిలు దిగి పక్కన కూర్చున్నారు.

"అలిసినవాడికి తన ముఖం కనపడదురా," అన్నారు. "పక్కవాడికి కనపడుతుంది."

ఆ రోజు నుంచి తవిటినాయుడు మారు మాట్లాడలేదు.

మాస్టారికీ ఒక జోడీ ఉండేవాడు. కాశిం సాయిబు. బస్‌స్టాండు పక్కన సైకిలు షాపు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల స్నేహం. ఎత్తు రోడ్డు మీద ఇద్దరూ పక్కపక్కన తొక్కుతూ పోతుంటే, అరగంట కాగానే మాస్టారు చెయ్యి పక్కకి చాపేవారు. తల తిప్పేవారు కాదు. చూసేవారు కాదు. మాటా పలికేవారు కాదు. ఆ అరచేతిలో ముక్క వచ్చి పడేది.

తవిటినాయుడు వెనక నుంచి ఆ చెయ్యిని ఏడేళ్లు చూశాడు. తండ్రి ముఖం ఎరగని కుర్రాడు. అతనికి ఏ పతకం మీదా లేనంత ఆశ ఆ అరచేతి మీద ఉండేది. ఒక మనిషి చూడకుండా చెయ్యి చాపుతున్నాడంటే, అక్కడ ఉన్నవాడి మీద ఎంత నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం ఒక్కసారి తన మీద పడితే చాలనుకునేవాడు. స్తంభం ఎక్కి తీగ బిగిస్తున్నా అదే ధ్యాస.

ఏడో ఏట వానాకాలంలో సాయిబు మోకాలు అరిగిపోయింది. డాక్టరు సైకిలు మానెయ్యమన్నాడు. సాయిబు షాపులో స్టూలు మీద కూర్చుని, మాస్టారి పొట్లం ఇంక ఎవడు మోస్తాడో మోసుకోండ్రా, నేను మోసింది చాలు అని నవ్వేవాడు. మాస్టారు దసరా నుంచి తన పొట్లం తన జేబులోనే వేసుకుని, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చేత్తో ముక్క తీసుకుని తినేవారు. తవిటినాయుడు వెనక నుంచి అదీ చూసేవాడు.

ఎవరన్నారో తెలియదు, శిష్యుల్లో ఒక మాట పుట్టింది. సంక్రాంతి ముందు వచ్చే కొండ పోటీలో ఎవడు మొదట వస్తే వాడికే ఆ పొట్లం అని. మాస్టారు అలా అనలేదు. అనలేదని తవిటినాయుడికీ తెలుసు. ఆశపడ్డవాడికి ఆధారం అక్కర్లేదు.

కొండ పోటీ అంటే కింద నుంచి అనంతగిరి దాకా సైకిలు మీద ఎక్కాలి. పైన సైకిలు వదిలేసి, అదే దారిన పరుగున దిగాలి. అయిదు గంటల పని. దారిలో పోటీ జరిపేవాళ్లు బల్లల మీద నీళ్లు పెడతారు, తిండి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

తవిటినాయుడి జోడీ కొర్రా సుక్ర. కొండ మీద పల్లెవాడు, కాఫీ తోటల్లో పని. తక్కువ మాటలు, ఎక్కువ నవ్వు. సైకిలు ఈ మధ్య నేర్చుకున్నాడు కాబట్టి ఎక్కేటప్పుడు వెనకబడేవాడు. ఎన్నిసార్లు ఎక్కినా పైన తవిటినాయుడికీ అతనికీ నాలుగు నిమిషాల తేడా. దిగేటప్పుడు మాత్రం సుక్ర కాళ్లు నేలని తాకుతున్నాయో లేదో తెలిసేది కాదు. నాయుడన్న కోసమని పరుగు తగ్గించుకుని పక్కన వచ్చేవాడు. తగ్గించుకుంటున్నాడని తవిటినాయుడికి తెలిసేది. అది ముల్లులా గుచ్చుకునేది.

డిసెంబరులో తవిటినాయుడు విశాఖపట్నం వెళ్లి, సైకిలు సామాన్లమ్మే పెద్ద షాపులో ఎనర్జీ చ్యూలు కొన్నాడు. నారింజ రంగు, మెత్తగా బంకలా సాగుతాయి. అరుగు దగ్గర వాటిని బంక బిళ్లలనేవారు. ఒక నెలపాటు ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా పోయిన రోజుల్లో తిని చూసుకున్నాడు. కడుపుకి పడ్డాయి. తప్పు ఆ బిళ్లల్లో లేదు. ఎందుకు కొంటున్నాడో అతను తనకి తాను కూడా చెప్పుకోలేదు. చెప్పుకోకుండా చేసే పని మంచిదైన సంగతి నేనెక్కడా వినలేదు.

పోటీకి వారం ముందు చక్రం సరిచేయించుకోవడానికి సాయిబు షాపుకి వెళ్లాడు. సీటు కింద సంచీ విప్పితే బిళ్లల పాకెట్టు జారి పడింది.

"ఏం నాయుడూ," అన్నాడు సాయిబు, "కొత్తల్లుడికి దాచినట్టు దాచావు. ఎవరికయ్యా ఇవి?"

మాస్టారు అక్కడే బెంచీ మీద ఉన్నారు. పాకెట్టు అందుకుని ఒక బిళ్ల నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు. తవిటినాయుడు తలదించుకున్నాడు.

"బాగుంది. ఉప్పు కూడా సరిపోయింది," అన్నారు మాస్టారు. పాకెట్టు మూతి మడిచి తిరిగి ఇచ్చారు. "సుక్రకియ్యి. నీ కోసం మోస్తాడు."

అలాగే మాస్టారూ అన్నాడు. ఇవ్వలేదు.

పోటీ రోజు కొండంతా మంచు. మొదటి గంటా, రెండో గంటా ఇద్దరూ పద్ధతిగానే వెళ్లారు. అరగంటకోసారి ఒకరి చేతిలో ఒకరు ముక్క పెట్టుకున్నారు. నాలుగు ముక్కలయ్యాక నిటారు మలుపులు వచ్చాయి. ముందు పద అన్నా, పైన కలుస్తాను అన్నాడు సుక్ర. అదీ పద్ధతిలో ఉన్నదే. పైన ఆగాలి.

తవిటినాయుడు పైకి చేరేసరికి అతనికి ముందు ఎవరూ లేరు. సైకిలు ఆనించి బూట్లు మార్చుకున్నాడు. నీళ్ల బల్ల దగ్గరున్న ఆవిడ, మీరే ఫస్టు బాబూ అంది. వెనక్కి చూశాడు. మంచులో రోడ్డు కనపడలేదు.

చొక్కా వెనక జేబులో సుక్ర పొట్లం ఉంది, ఆరు ముక్కలతో. తన మేజోడులో ఆరు బంక బిళ్లలున్నాయి. నాలుగు నిమిషాలు ఆగితే సుక్ర వస్తాడు. వచ్చాక ఇద్దరూ కలిసి దిగాలి. ముగింపు గీత దగ్గర ఎవరు ముందో, అది సుక్ర దయ.

పోనీ పొట్లం ఈవిడ చేతిలో పెట్టి పోదామా అనుకున్నాడు. పెడితే వదిలి వెళ్లాడని నలుగురికీ తెలుస్తుంది. అప్పుడు అతని మనసు ఒక ఉపాయం చెప్పింది. నా ముక్కలు సుక్ర దగ్గరే ఉన్నాయి కదా, ఆరు. అవి తింటాడు. లెక్క సరిపోయింది. ఇంత తేలిగ్గా సరిపోయే లెక్కని చూసి భయపడాలి. తవిటినాయుడు ఊపిరి పీల్చుకుని పరుగెత్తాడు.

మొదటే వచ్చాడు. గీత దగ్గర మాస్టారు గడియారంతో నిలబడ్డారు.

"నాలుగు గంటల యాభై ఒకటి," అన్నారు. తర్వాత అతని భుజం మీదుగా రోడ్డు వైపు చూశారు. "సుక్ర ఏడిరా?"

"వస్తున్నాడు మాస్టారూ."

ఎవరో మెడలో దండ వేశారు. రెండోవాడు వచ్చాడు. మూడోవాడు వచ్చాడు. పదోవాడు వచ్చాడు. మాస్టారు గడియారం జేబులో పెట్టేసి రోడ్డు మీదే చూపు నిలిపారు. ఎండ బాగా ఎక్కాక ఒక జీపు వచ్చి ఆగింది.

సుక్రని ఇద్దరు దింపారు. ఒక పక్క ముఖమంతా గీరుకుపోయింది, మోకాలి దగ్గర రక్తం. కింద నుంచి ఎనిమిదో మైలురాయి దగ్గర కళ్లు తిరిగి పడ్డాడట. సాయిబు అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు. మాస్టారు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పట్టారు. సగం గ్లాసు లోపలికి పోయాక సుక్ర కళ్లు తెరిచాడు.

"నాయుడన్న ఏం తిన్నాడు?" అని అడిగాడు.

ఎవరికీ అర్థం కాలేదు. అతనే మెల్లగా చెప్పాడు. నాయుడన్న పొట్లం నా దగ్గర ఉండిపోయింది. ఏదో తొందరలో మర్చిపోయాడు. ప్రతి నీళ్ల బల్ల దగ్గరా అడిగాను, ఇప్పుడే పోయాడన్నారు. అందుకోవాలని గట్టిగా పరుగెత్తాను. అందలేదు.

గుప్పిట విప్పాడు. నూనె కాగితం చెమటకి నానిపోయి ఉంది. లోపల ఆరు ముక్కలూ ఒకదానికొకటి అంటుకుపోయి అలాగే ఉన్నాయి.

"పిచ్చి నాయనా," అన్నాడు సాయిబు, "ఒకటి నోట్లో వేసుకోకపోయావా?"

సుక్ర అతనివంక వింతగా చూశాడు. "నావి కావు కదా తాతా."

తవిటినాయుడు తన వెనక జేబులోంచి పొట్లం తీసి ముందుకు చాపాడు. తెచ్చావా అన్నా అని సుక్ర నవ్వి, పెదవి చిట్లి ఉన్నా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అది చూడలేక తవిటినాయుడు పక్కకి తిరిగాడు. అక్కడ మాస్టారు ఉన్నారు. సుక్ర గుప్పిట్లోంచి తీసిన ఆరు ముక్కల ముద్దని అతని అరచేతిలో పెట్టారు.

"నీవి," అన్నారు.

సుక్ర దెబ్బలు మానడానికి మూడు వారాలు పట్టింది. అతను తిరిగి వచ్చిన రోజు తెల్లవారుజామున మాస్టారు ఎప్పటిలాగే అరుగు మీద పొట్లాలు పరిచి ఒక్కొక్కరినీ పిలిచారు. సుక్రకి వేరొకరితో జోడీ కట్టారు. తవిటినాయుడు ముందుకి వచ్చి చెయ్యి చాపాడు. మాస్టారు ఒక పొట్లం పెట్టారు. దీపం వెలుగులో పేరు చూశాడు. తనదే. జోడీవాడి పొట్లం కోసం చెయ్యి అలాగే ఉంచాడు.

"పద, ఎండెక్కుతుంది," అన్నారు మాస్టారు.

అతన్ని వెళ్లగొట్టలేదు, అది గుర్తుపెట్టుకో. ఎదురుపడితే పలకరించేవారు. మోచెయ్యి దూరంగా పోతోందిరా, దగ్గరికి తియ్యి అనేవారు. నీళ్లు తాగమనేవారు. జ్వరం వస్తే ఇంటికి వెళ్లి చూసి వచ్చారు. పొట్లం మాత్రం అతనిది అతనికే ఇచ్చేవారు. తవిటినాయుడు చేతి గడియారంలో అరగంటకోసారి గంట పెట్టుకున్నాడు. గంట మోగేది, ముక్క నోట్లో వేసుకునేవాడు. ఏ రోజూ తప్పలేదు. ఎన్నో పోటీలు గెలిచాడు. బిళ్లలు కావాలంటే బిళ్లలు, తాండ్ర కావాలంటే తాండ్ర, రెండూ కడుపు నింపేవి.

మామిడిపూత రాలే రోజుల్లో ఒకనాడు ఎత్తు రోడ్డు మీద మాస్టారు చెయ్యి పక్కకి చాపారు. తల తిప్పలేదు. సుక్ర ఆ అరచేతిలో ముక్క పెట్టాడు. వెనక వస్తున్న తవిటినాయుడు సైకిలు ఆపి, చెయిను ఊడినట్టు కిందికి వంగి, వాళ్లు మలుపు తిరిగేదాకా లేవలేదు.

సుక్ర మంచివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు మాస్టారిని అడిగాడు, నన్ను మళ్లీ నాయుడన్నతో వెయ్యండి, నాకేం కోపం లేదు, ఎప్పుడో మర్చిపోయాను అని. మూడోసారి మాస్టారు జవాబిచ్చారు.

"నువ్వు మర్చిపోవచ్చురా సుక్రా. వాడు మర్చిపోకూడదు కదా."

ఏళ్లు గడిచాయి. తవిటినాయుడికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. సాయిబు పోయాడు. మాస్టారికి ఎనభై దాటి సైకిలు ఆగిపోయింది. అయినా తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని ముక్కలు కోస్తూనే ఉన్నారు. చూపు తగ్గింది కాబట్టి పేర్లు పెద్ద అక్షరాలతో రాసేవారు.

ఒక పొద్దున అందరూ పొట్లాలు మార్చుకుని రోడ్డెక్కారు. తవిటినాయుడు మెట్టు దగ్గర ఉండిపోయాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. ఆ రోజు అడిగాడు.

"మాస్టారూ, ఒక్కసారి ఎవరిదైనా నా చేతికియ్యండి. మీది కాదు. మీది అడిగే ముఖం నాకు లేదు. కొత్తగా చేరినవాడిదైనా సరే."

మాస్టారు ముక్క కోయడం ఆపారు. అతని వైపు ముఖం తిప్పారు.

"ఆ రోజు నువ్వు పైన ఆగుంటే, సుక్ర ఎంతసేపట్లో వచ్చేవాడు?"

"నాలుగు నిమిషాల్లో మాస్టారూ."

"ఇప్పటికి ఎన్నేళ్లయింది?"

"పదకొండేళ్లు."

మాస్టారు తలాడించారు. అరుగు మీద మిగిలిన ఒక్క పొట్లం వేళ్లతో తడిమి, పేరు మీద బొటనవేలు ఆనించి, అతనికి అందించారు.

తవిటినాయుడు తన పేరే ఉన్న ఆ పొట్లాన్ని తన జేబులో వేసుకుని రోడ్డు మీదికి దిగాడు. ముందు జంటలు జంటలుగా పోతున్నవాళ్ల మాటలు కొండ మలుపు దాకా వినిపించి ఆగిపోయాయి.